పండుగ కానుకల్లో పొదుపు, గారాబం: సంఖ్యకు హద్దు పెట్టాలా, సొమ్ముకు పెట్టాలా?

రెండు ఉయ్యాలలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 9 ఏళ్లు, అబ్బాయికి 4. గత పండుగకు ఖర్చు తగ్గించాలని పట్టుబట్టి, తగ్గింపు ధరల కోసం రెండు నెలలు కాచుకుని కూర్చుని, ఇద్దరికీ కలిపి 11 వస్తువులు కొన్నాను. అంతకు ముందు ఏడాది 5 వస్తువులకు పెట్టిన సొమ్ము కంటే తక్కువకే ఇవన్నీ వచ్చాయి కనుక నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా పండుగ నాడు అబ్బాయి ఒక పొట్లం విప్పి, అందులో ఏముందో సరిగా చూడకుండానే రెండోదాని మీదికి దూకాడు, చివరిది విప్పాక "ఇంకేం లేవా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి వాటిలో మూడు మంచం కిందికి చేరాయి.

ఈసారి ధర ఎంతైనా సరే, ఒక్కొక్కరికి రెండే కానుకలు ఇవ్వాలని నా భార్య అంటోంది. మొత్తం ఇంత అని ముందే అనుకుని, అందులో ఎన్ని వస్తే అన్ని కొందామని నేనంటున్నాను. డబ్బు మిగలాలి, పిల్లలు నెత్తికెక్కకూడదు అన్న రెండు కోరికలూ మా ఇద్దరివీ; దారి దగ్గరే తేడా వచ్చింది. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

పద్దుపుస్తకం

నేను మీ పక్షమే. సంఖ్యకు హద్దు పెట్టి ధరను వదిలేస్తే, "రెండే కదా" అన్న ధైర్యంతో ఆ రెండింటినీ స్థాయికి మించి కొనేవారిని నేను చాలామందిని చూశాను. సొమ్ముకు హద్దు పెట్టినప్పుడు మాత్రం కానుకతో పాటు దాని బ్యాటరీలు, చుట్టే కాగితం, బంధువుల పిల్లలకు ఇచ్చేవి కూడా అందులోనే లెక్కకు రావాలి. ఎక్కువమంది లెక్క తప్పేది ఈ చిల్లర ఖర్చుల దగ్గరే. అనుకున్న మొత్తాన్ని 12తో భాగించి నెలనెలా పక్కన పెడితే పండుగ నెలలో చేయి చాచనక్కరలేదు. క్రెడిట్ కార్డు మీద కొని తీర్చకుండా వదిలేస్తే, నెలకు 3 శాతం వడ్డీ అనుకున్నా అది ఏడాది తిరిగేసరికి అసలు మీద 42 శాతం దాటుతుంది. ఏ తగ్గింపు ధరా దానికి సరిపోదు.

అయితే మీ 11 వస్తువుల కథలో ఒక మెలిక ఉంది. అక్కరలేని వస్తువు సగం ధరకు వస్తే మనకు మిగిలింది సగం కాదు, పోయింది సగం. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో విద్యార్థులను ప్రశ్నించి, పండుగ కానుకకు ఇచ్చినవారు పెట్టిన ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, పుచ్చుకున్నవారి దృష్టిలో విలువ లేకుండా పోతోందని లెక్క కట్టారు. తాతలు, మామ్మలు, పిన్నులు, బాబాయిలు ఇచ్చిన వాటిలో ఈ నష్టం ఎక్కువగా ఉందని, స్నేహితులు ఇచ్చిన వాటిలో తక్కువగా ఉందని తేలింది. ఎవరికి ఏం కావాలో తెలియకుండా కొనడమే దీనికి మూలం కనుక, ముందుగా పిల్లల చేత జాబితా రాయించడం మంచిది.

పెద్దరికం

బాబూ పద్దుపుస్తకం గారూ, మనవరాలికి నేను ఇచ్చింది నష్టం కింద రాశారన్నమాట! నా వయసు 68, మనవలు ముగ్గురు. ఆ లెక్కలో ఆప్యాయతకు ఎంత వేశారో కూడా చెప్పండి.

పద్దుపుస్తకం

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనదే. ఆప్యాయత విలువను పక్కన పెట్టి, వస్తువుకు మాత్రమే ధర కట్టమని ఆయన ఆ విద్యార్థులను అడిగారు. కనుక ఆ లెక్క వస్తువు గురించేగాని మీ ప్రేమ గురించి కాదు.

సుద్దముక్క

నేను చిన్నపిల్లల బడిలో 19 ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. నా ఓటు సంఖ్యకే, కనీసం అబ్బాయి విషయంలో. నాలుగేళ్లవాడికి ధర అన్న మాటే అర్థం కాదు. వాడు పొట్లాలు లెక్కపెడతాడు. నిరుడు 11 చూసినవాడికి ఈసారి 6 కనిపిస్తే, ఆ ఆరింటి మీద మీరు రెట్టింపు ఖర్చు పెట్టినా వాడికి అది తగ్గినట్టే లెక్క. అంటే పొదుపు చేశాననుకుని మీరు వాడికి అలవాటు చేసింది పెద్ద సంఖ్యను. సొమ్ముకు మాత్రమే హద్దు పెడితే తగ్గింపు ధరలు దొరికిన ప్రతి ఏడాదీ కుప్ప పెరుగుతూనే ఉంటుంది. పొదుపు, మితం అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయిగాని ఒకే మనిషి కావు.

కుప్ప పెరిగితే ఏమవుతుందో బడిలో రోజూ చూస్తాను. బుట్టలన్నీ ఒకేసారి నేల మీద బోర్లించిన రోజున పిల్లలు ఒకదాన్ని పట్టుకుని, విసిరి, ఇంకొకదాని దగ్గరకు పోతారు. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మల మధ్య, మరొకసారి 16 బొమ్మల మధ్య పావుగంట చొప్పున ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. వారు మీ అబ్బాయి కంటే చిన్నవారు, సంఖ్య కూడా కొద్దిదే కనుక దీన్ని శాసనంగా చెప్పడం లేదు. నా కళ్ల ముందు జరిగేదానితో సరిపోతున్నందువల్ల చెబుతున్నాను.

మంచం కిందికి పోయిన ఆ మూడింటినీ పారేయకండి. కొన్నింటిని అటక మీద పెట్టి, రెండు మూడు వారాలకోసారి దించుతూ, ఆడుతున్న వాటిని పైకి పంపండి. కొత్తగా కొనకుండానే కొత్తవి వచ్చినట్టుంటుంది. మా తరగతి గది ఏడాదంతా ఈ ఉపాయం మీదే నడుస్తుంది.

జాబితా గురించి ఒక మాట. పిల్లలు రాసే జాబితాలో సగం ప్రకటనలు రాయించినవే. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 1980 నుంచి 13 ఏళ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. 12 ఏళ్లలోపు పిల్లలకు టీవీ ప్రకటనలు కూడదని స్వీడన్ 1991లో చట్టం చేసింది. మన ఇంట్లో ఆ పని మనమే చేసుకోవాలి. పండుగకు నెల ముందు ఒకసారి, రెండు వారాల తరువాత మళ్లీ ఒకసారి, పాతది చూపించకుండా రాయించండి. రెండింటిలోనూ ఉన్నదే పిల్లల కోరిక. మిగతాది నిన్నటి ప్రకటన.

వానచినుకు

మా ఇంట్లో వస్తువులే మానేశాం. మా అబ్బాయికి 15 ఏళ్లు. పండుగకు ఎక్కడికైనా తీసుకెళ్లడమో, వాడికి ఇష్టమైన విద్య నాలుగు తరగతులు నేర్పించడమో చేస్తాం. ఇంట్లో కుప్ప ఉండదు, జ్ఞాపకం మిగులుతుంది. వస్తువు మీద పెట్టిన ఖర్చు కంటే అనుభవం మీద పెట్టిన ఖర్చు మనుషులను ఎక్కువ సంతోషపెడుతుందని లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ 2003లోనే చూపించారు. అసలు ప్రశ్నే మారాలి: ఎన్ని, ఎంత అని కాదు, వస్తువా కాదా అని అడగాలి.

సుద్దముక్క

వానచినుకు గారూ, 15 ఏళ్లవాడి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, నాలుగేళ్లవాడి విషయంలో ఏకీభవించలేను. మీరు చెప్పిన పరిశోధన పెద్దవారి మీద జరిగింది. లాన్ చాప్లిన్, ఆమె సహచరులు 3 నుంచి 17 ఏళ్ల వారిని పరిశీలించి 2020లో ప్రచురించిన దానిలో, 12 ఏళ్ల దాకా పిల్లలకు వస్తువులే ఎక్కువ ఆనందం ఇస్తున్నాయని, వయసు పెరిగేకొద్దీ అనుభవాల వల్ల కలిగే ఆనందం పెరుగుతోందని కనిపించింది. జరిగిపోయినదాన్ని గుర్తుకు తెచ్చుకుని మళ్లీ ఆనందించే శక్తి, ఎదుటివారి మనసును ఊహించే శక్తి పసివాళ్లలో ఇంకా ఎదుగుతూ ఉండడమే దీనికి కారణమని వారి వివరణ. చేతిలో బొమ్మ ఉంటే గుర్తు తెచ్చుకోనక్కరలేదు కదా. ప్రయాణం పెద్దవారికి కానుకగా, నాలుగేళ్లవాడికి ఎత్తుకోమని ఏడ్చే సందర్భంగా మిగలడం నేను తల్లిగా కూడా చూశాను.

పెద్దరికం

అమ్మా సుద్దముక్కా, బాగా చెప్పావు. నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మనవల దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకెళ్లేదాన్ని. కొన్నాళ్లకు తలుపు తీసిన రెండోవాడు నా ముఖం చూడడం మానేసి సంచి వంక చూడడం మొదలుపెట్టాడు. "ఏం తెచ్చావు?" అన్న తరువాతే "ఎప్పుడొచ్చావు?" అనేవాడు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు పండుగకు మాత్రమే ఇస్తాను, మామూలు రోజుల్లో వట్టి చేతులతో వెళ్లి వాళ్లతో కూర్చుని ఆడతాను. మొదటి రెండుసార్లు ముఖం మాడ్చుకున్నాడు, మూడోసారికి సంచిని మరచిపోయాడు. పిల్లలను చెడగొట్టేది పండుగ నాటి నాలుగు కానుకలని నేననుకోను. వేళాపాళా లేకుండా ఇచ్చేవి, ఏడుపు ఆపడానికి ఇచ్చేవి చెడగొడతాయి.

గట్టిమాట

ఇంత తర్జనభర్జన అవసరం లేదు. మార్కులు తెచ్చుకుంటే కొనాలి, మాట వినకపోతే మానేయాలి. ఊరికే ఇస్తేనే గారాబం, సంపాదించుకుంటే కాదు. ఖర్చు కూడా దానంతటదే తగ్గుతుంది.

సుద్దముక్క

ఇది విన్నంత సులువు కాదు, కొంచెం ఓపిక పట్టండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ కలిసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లలను ఎంచుకుని, కొందరికి గీస్తే బహుమానం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత తమంతట తాము గీసే సమయం, ముందే ఆశ పెట్టినవారిలో మిగతావారితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చినవారిలో అలా పడిపోలేదు. చదువు మీద పిల్లకు ఉన్న ఇష్టాన్ని మనమే కొనేస్తే, మన దగ్గర సొమ్ము ఆగిన రోజున ఇష్టం కూడా ఆగుతుంది. వస్తువులను బహుమానంగానూ శిక్షగానూ వాడిన ఇళ్లలో పెరిగినవారు పెద్దయ్యాక వస్తువులతోనే తమ విలువను కొలుచుకునే ధోరణి ఎక్కువగా చూపుతున్నారని మార్షా రిచిన్స్, లాన్ చాప్లిన్ 2015లో రాశారు. అది పెద్దవారు తమ బాల్యాన్ని గుర్తు చేసుకుని చెప్పినదాని మీద ఆధారపడింది కనుక, కారణం ఇదేనని తేల్చి చెప్పలేం. అయినా పండుగను పరీక్షగా మార్చడం నాకు నచ్చదు. పండుగ కానుకకు అర్హత పిల్లవాడు మన పిల్లవాడు కావడమే.

గట్టిమాట

నర్సరీ పిల్లల బొమ్మలకూ పదో తరగతి లెక్కలకూ పోలిక కుదరదు. ఇష్టం లేని పని చేయించడానికి ఎర అవసరమే. కానుక సంగతి వేరని అంటే ఒప్పుకుంటాను.

పాతసామాను

ఒకరు వాడిన వస్తువుల మాట ఎవరూ ఎత్తలేదు. పుస్తకాలు, చెక్క దిమ్మెలు, సైకిలు వంటివి వాడినవి తీసుకుంటే రెండు హద్దులూ కలిసి వస్తాయి. కాకపోతే మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఊడివచ్చే చిన్న ముక్కలు, ఎంత వయసు పిల్లలున్నా మూత వదులైన బొత్తం బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్నవాటిని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది. తల హెల్మెట్ కూడా వాడినది వద్దు. దానికి లోపల ఎప్పుడు దెబ్బ తగిలిందో పైకి కనిపించదు.

రెండు ఉయ్యాలలు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇద్దరం ఈ చర్చ మొదటి నుంచి చదివాం. అబ్బాయికి నా భార్య మాటే నెగ్గింది: రెండు పొట్లాలు, అంతే. అమ్మాయికి మాత్రం సొమ్ము హద్దు పెడతాం. ఆమెకు ఎంత కేటాయించామో దాచకుండా చెప్పి, అందులో ఒక్క పెద్దది తీసుకుంటుందో, మూడు చిన్నవి తీసుకుంటుందో ఆమెకే వదిలేస్తాం. ఇప్పుడే అడిగితే, తమ్ముడికి ఇచ్చేది కూడా అందులోంచే కొనాలా అని ఎదురు ప్రశ్న వేసింది. అక్కరలేదు, కావాలంటే కొనవచ్చు అన్నాను. పెన్సిలు తీసుకుని లెక్క వేసుకుంటోంది. నేను 9 ఏళ్లప్పుడు ఈ మాత్రం లెక్క వేసినట్టు గుర్తు లేదు.

ఒక్క సందేహం మిగిలింది. అబ్బాయి చెల్లెమ్మ అని పిలిచే పక్కింటి పాపకు కానుకలు లెక్కలేనన్ని వస్తాయి. వాడు పోల్చుకుని అడిగితే "మన దగ్గర డబ్బు లేదు" అనడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది నిజం కాదు.

పద్దుపుస్తకం

అనకండి. లేదని చెప్పి, మరునాడు మీకోసం ఏదైనా కొనుక్కుంటే వాడు పట్టేస్తాడు. "డబ్బు ఉంది, దీనికి ఇంతే అనుకున్నాం, మిగతాది వేరే పనికి దాచాం" అని చెప్పి, ఆ వేరే పనేమిటో వాడికి అర్థమయ్యేలా ఒక్క మాటలో చెప్పండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి.

పెద్దరికం

అంతా బాగానే ఉందిగాని బాబూ, ఆ రెండు పొట్లాల్లో అమ్మమ్మ ఇచ్చేది కలిసి ఉందా, విడిగానా?

రెండు ఉయ్యాలలు

కలిసే ఉందమ్మా. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.

పెద్దరికం

అయితే ఈ చర్చ మా అమ్మాయి కంట పడకుండా చూసుకోవాలి.