చర్చ: దానం కోసం 300 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలా? ఆ డబ్బు నేరుగా ఇచ్చేస్తే సరిపోదా?

వాల్థమ్ వాసి:

మసాచుసెట్స్‌లో ఏటా ఆగస్టు మొదటి వారాంతంలో పాన్-మాస్ ఛాలెంజ్ అనే సామూహిక సైకిల్ యాత్ర జరుగుతుంది. దాని పెద్ద మార్గం స్టర్‌బ్రిడ్జ్‌లో మొదలై, శనివారం రాత్రి బోర్న్‌లో ఆగి, ఆదివారం కేప్ కాడ్ కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్‌లో ముగుస్తుంది. దూరం దాదాపు 300 కిలోమీటర్లు. పాల్గొనేవారు నమోదు రుసుము కట్టడమే కాక, ఎంచుకున్న మార్గాన్ని బట్టి ఇంత మొత్తాన్ని విరాళాలుగా సేకరిస్తామని ముందే ఒప్పుకోవాలి. పెద్ద మార్గానికి అది వేల డాలర్లలో ఉంటుంది. సేకరణలో ఎంత తక్కువ పడితే అంత వారి క్రెడిట్ కార్డు నుంచే తీసుకుంటారు. ఆ డబ్బు జిమ్మీ ఫండ్ అనే విరాళాల నిధి ద్వారా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు చేరుతుంది.

మా ఆఫీసు బృందంలో నన్నూ చేరమంటున్నారు. విశాఖలో ఉండే మా బావగారికి ఈ సంగతి చెబితే, "సైకిల్ తొక్కే సరదా నీది, డబ్బులు మాత్రం మావా?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నా, నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

జమాఖర్చు:

మీ బావగారు అడిగినదానిలో తప్పేమీ లేదు. వేల మంది రెండు రోజుల పాటు రోడ్డెక్కితే వారికి భోజనాలు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, వైద్య బృందాలు, సామాను మోసే లారీలు, కూడళ్ల దగ్గర పోలీసులు, ఆగిపోయినవారిని ఎక్కించుకునే వాహనాలు అన్నీ కావాలి. వీటిలో ఏ ఒక్కటీ రోగికి అందే వైద్యం కాదు. క్యాన్సర్ పరిశోధనకు సాయపడాలన్నదే ఉద్దేశమైతే ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో డబ్బు పంపవచ్చు.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. 1994లో డాన్ పల్లోటా అనే ఆయన సంస్థ కాలిఫోర్నియాలో, ఎయిడ్స్ రోగుల కోసం విరాళాలు సేకరించే ఎయిడ్స్ రైడ్ అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టింది. విరాళాల్లో నిర్వహణకే చాలా పోతోందన్న అసంతృప్తి పెరిగి, ఆ డబ్బు అందుకుంటున్న సంస్థలే దాని నుంచి విడిపోయి, 2002లో ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ పేరుతో సొంత యాత్ర పెట్టుకున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఏడు రోజుల్లో 545 మైళ్లు సాగే ఆ యాత్ర కూడా, ఖర్చులు పెరిగి, పాల్గొనేవారు తగ్గి, 2025 జూన్‌తో ఆగిపోయింది. రెండుసార్లూ దెబ్బ కొట్టింది ఖర్చే.

రెండో గేరు:

జమాఖర్చు గారు చెప్పిన కాలిఫోర్నియా చరిత్ర నిజమే కానీ, దాన్ని తెచ్చి పాన్-మాస్‌కు అంటగట్టడం న్యాయం కాదు. ఇక్కడ రైడర్లు సేకరించిన ప్రతి డాలరూ డానా-ఫార్బర్‌కే వెళ్తుంది. నిర్వహణ ఖర్చులు నమోదు రుసుముల నుంచి, సంస్థల ప్రాయోజకత్వం నుంచి వస్తాయి. కాబట్టి "సరదా నీది, డబ్బులు మావా" అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది: బావగారి డబ్బుతో ఎవరూ అరటిపండు కూడా తినడం లేదు.

ఇక నేరుగా ఇవ్వడం సంగతి. బిల్లీ స్టార్ అనే ఆయన, తన తల్లి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో చనిపోయిన కొన్నేళ్లకు, 1980లో 36 మందితో ఈ యాత్ర మొదలుపెట్టారు. ఆ ఏడాది పోగైనది 10,200 డాలర్లు. 2024లో ఒక్క ఏడాదే 7.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మొత్తం సేకరణ 100 కోట్లు దాటింది. ఆ 36 మంది తలా ఒక చెక్కు రాసి ఇంటికి వెళ్లి ఉంటే ఇది జరిగేదా? నేను ఈ యాత్రలో పాల్గొంటున్నవాడినే కాబట్టి నా అనుభవం చెబుతాను. మామూలు రోజుల్లో ఎవరినైనా డబ్బు అడగాలంటే నాకు నోరు రాదు. యాత్రకు ఒక తేదీ ఉంది, నేనొక మాట ఇచ్చి ఉన్నాను, మాట తప్పితే నా జేబుకే చిల్లు పడుతుంది, కనుక అడుగుతాను. అడిగితే ఇచ్చేవారు, అడగకపోతే ఇవ్వని వారు, మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. దాత పనిచేసే కంపెనీ కూడా అంతే మొత్తం జోడించేచోట ఆ విరాళం రెట్టింపు అవుతుంది. "నేరుగా ఇస్తే పోలా" అన్నవారిలో నిజంగా నేరుగా ఇచ్చినవారు నాకు అరుదుగా కనిపించారు. ఈ మాట కాస్త కటువుగా ఉంటే మన్నించాలి.

జమాఖర్చు:

కటువుగానే ఉంది, కానీ అబద్ధమని అనలేను. అయినా ఆ "ప్రతి డాలరూ" అన్న మాటను లెక్కల మనిషిగా కొంచెం విప్పి చూస్తాను. విరాళాలను ఒక సంచిలో, రుసుములనూ ప్రాయోజకుల డబ్బునూ మరో సంచిలో వేసి, ఖర్చంతా రెండో సంచి నుంచి పెట్టి, మొదటి సంచి మొత్తం ఆసుపత్రికి పోయిందని చెప్పడం నిజమే అవుతుంది. కానీ రెండో సంచిలో ఉన్నదీ డబ్బే కదా. ఆ సొమ్మును ప్రాయోజకులు నేరుగా ఆసుపత్రికే ఇచ్చి ఉండవచ్చు.

రెండో గేరు:

ఇచ్చి ఉండేవారు కాదు. ప్రాయోజకుల సొమ్ము ఎక్కువగా ప్రచార బడ్జెట్ నుంచి వచ్చేదే. ఇక్కడ ఖర్చు కాకపోతే మరో చోట హోర్డింగు మీద ఖర్చవుతుంది. దాతృత్వ సంస్థను నిర్వహణ ఖర్చు శాతంతో కాక, చివరికి ఎంత డబ్బు చేర్చిందన్న దానితో కొలవాలని పల్లోటా ఆ తర్వాత చాలా వేదికల మీద వాదించారు. ఆయన వాదన మొత్తం నాకు సమ్మతం కాదు. నిర్వహణ ఖర్చును దాత నెత్తిన వేయనప్పుడు మాత్రం అది ఒప్పుకోదగినదే.

ఎడిసన్ నుంచి ఒకరు:

మీరిద్దరూ ఖర్చు దగ్గరే ఆగిపోయారు. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ విరాళాలు మన పెళ్లిళ్లలో చదివింపుల వంటివి అయిపోయాయి. ఎవరు ఎంత ఇచ్చారో పేరుతో సహా ఆ రైడర్ పేజీలో కనబడుతుంది (పేరు దాచుకునే వీలున్నా, దాచుకుంటే ఇవ్వలేదనుకుంటారన్న భయం). నీ యాత్రకు నేను వంద ఇస్తే నా పరుగుకు నువ్వు వంద ఇవ్వాలి. మిత్రుల మధ్య ఇదంతా ఎలాగో సర్దుకుపోతుంది. అయితే అడిగేది మన మేనేజరు అయినప్పుడు ఏం చేయాలి? వీసా పొడిగింపు కాగితాలు కంపెనీ చేతిలో ఉన్న కుర్రవాడు, కొత్తగా అద్దె ఇంట్లో దిగి ఊరికి డబ్బు పంపుకుంటున్నవాడు, తన పై అధికారి పంపిన విరాళాల లింకు చూసి "ఇష్టముంటేనే" అన్న మాటను నమ్మగలడా? నేను నమ్మలేకపోయాను. ఇచ్చాను. ఆ అధికారి నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు, బహుశా నా పేరు చూసి కూడా ఉండరు. అయినా అది దానం కాదని నాకు తెలుసు.

కనీస మొత్తం పెట్టడంలోని ఇబ్బంది ఇదే. దాని ఒత్తిడి రైడర్ మీద ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ అది అక్కడ ఆగదు, అతని కింద ఉన్నవారి మీదికి జారుతుంది.

ఫార్మసీ కౌంటర్:

ఎడిసన్ మిత్రుడు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, ఎవరూ ఎత్తని విషయం ఒకటి ప్రస్తావిస్తాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో నడిపిన బృందం, కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పనిని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, పది మందిలో వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించారు. ఆ ఫార్బర్ స్థాపించిన సంస్థకే నేటి పాన్-మాస్ డబ్బు వెళ్తోంది. జిమ్మీ ఫండ్ మొదలైందీ 1948లోనే. సుబ్బారావు గారు కన్నుమూసిందీ అదే ఏడాది ఆగస్టులో. బోస్టన్‌లో ఉన్న తెలుగువాడు ఈ యాత్రను పరాయిదనుకోవలసిన పని లేదు.

జమాఖర్చు:

సుబ్బారావు గారి మీద నాకూ గౌరవమే. అయితే హార్వర్డ్ అనుబంధం, వందల కోట్ల డాలర్ల ఆదాయం ఉన్న సంస్థకు మన చందాలు తప్పనిసరా? హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో కూర్చునే కుటుంబాలకు ఆ డబ్బులో పదో వంతు చేరినా తేడా కనిపిస్తుంది.

ఫార్మసీ కౌంటర్:

తప్పక కనిపిస్తుంది, అక్కడికీ ఇవ్వాలి. కానీ ఈ రెండూ ఒకే రకం దానాలు కావు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అదే బృందం చేసినది. ఈనాడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల ల్యుకేమియాకు వాడేదీ, కీళ్లవాతానికి వారానికొకసారి మింగమనేదీ ఆ మందే, అదీ అతి చవకగా. బోస్టన్‌లో జరిగిన పరిశోధన బోస్టన్‌లోనే ఉండిపోలేదు. వరండాలో ఉన్న మనిషికి ఈ రోజు అన్నం, బస, మందు కావాలి. ఆ మందు ముందుగా ఎక్కడో పుట్టాలి కూడా. డబ్బును పరిశోధనకు ఇస్తున్నారా, రోగి ఖర్చుకు ఇస్తున్నారా అన్నది దాతకు స్పష్టంగా తెలిస్తే చాలునని నా అభిప్రాయం.

వాల్థమ్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఖర్చు గురించిన అనుమానం నాకు చాలావరకు తీరింది. ఎడిసన్ మిత్రుడి అభ్యంతరం మాత్రం తీరలేదు, తీరుతుందనీ అనుకోను. నేను యాత్రలో చేరుతున్నాను. నా కింద పనిచేసే నలుగురికీ లింకు పంపను; బృందం ఉమ్మడి సందేశంలో నా పేరు వద్దని చెబుతాను. కనీస మొత్తంలో సగం నేనే పెట్టుకుంటాను, మిగతా సగం నాకు "లేదు" అని నిర్మొహమాటంగా చెప్పగలిగినవారినే అడుగుతాను.

ఎడిసన్ నుంచి ఒకరు:

మీ వరకు అది చక్కగానే ఉంది. కానీ మీ పై అధికారి తన లింకు మీకు పంపినప్పుడు మీరేం చేస్తారు?

వాల్థమ్ వాసి:

ఆయన నిన్ననే పంపారు. ఇంకా తెరవలేదు.

జమాఖర్చు:

తెరిచాక ఎంత ఇచ్చారో ఇక్కడ రాయకండి. మీ బావగారి జవాబు మాత్రం రాయండి, నాకు దాని మీదే ఆసక్తి.