కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడు ఏమేం అడగాలి?

జీడిమెట్లలో మాది చిన్న ప్యాకింగ్ మెషీన్ల షెడ్డు. మెషీన్ ప్యానెల్‌లోని కంట్రోల్ సర్క్యూట్‌కి 415 వోల్టుల నుంచి 110 వోల్టులిచ్చే రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, పెద్ద కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే స్విచ్) లాగినప్పుడల్లా వోల్టేజీ పడిపోయి పక్క రిలే టకటకా కొట్టుకుంటోంది. ప్యానెల్‌లో జాగా కూడా తక్కువే. అందుకే ఆర్డరిచ్చి చుట్టించుకుందామనుకుంటున్నాం.

అన్నలూ, ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ అంటే వీఏ లెక్క, కాంటాక్టర్ కాయిల్ పట్టి ఉంచేటప్పటి లోడ్ (హోల్డింగ్) మీద కట్టాలా, లాగే క్షణంలోని లోడ్ (పికప్) మీదా? టొరాయిడల్ (రింగు ఆకారపు) కోర్ అయితే సైజు తగ్గుతుంది గానీ, ఆన్ చేయగానే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి ఎంసీబీ ట్రిప్పవుతుందని మా ఎలక్ట్రీషియన్ భయపెడుతున్నాడు. దానికి సీ కర్వ్ ఎంసీబీ తీసి, ఆ క్షణపు కరెంటును ఇంకా ఎక్కువ ఓర్చుకునే డీ కర్వ్‌ది పెడితే చాలా? ఎండాకాలం ప్యానెల్ తలుపు తీస్తే మొహానికి సెగ కొడుతుంది. 130 డిగ్రీల వేడి దాకా తట్టుకునే క్లాస్ బి ఇన్సులేషన్ సరిపోతుందా, 155 డిగ్రీల ఎఫ్ అడగాలా? వైండింగ్ మాత్రం రాగిదే, అందులో బేరం లేదు. డెలివరీ తీసుకునేటప్పుడు ఏ టెస్టులు కళ్లముందు చేయించుకోవాలో కూడా చెప్పండి.