పెట్టె కెమెరా నేర్చుకోవడానికి ఒక్క పుస్తకం కొనాలంటే ఏది? ఆడమ్సేనా?

అటకమీద_కెమెరా
మా తాతగారి స్టూడియోలోది, అలెప్పీలో తయారైన వాగేశ్వరి కెమెరా అటక మీంచి దించాను. హాఫ్ ప్లేట్ సైజు (ఫిల్మ్ కొలత 4¾×6½ అంగుళాలు), లెన్స్ ఫోకల్ లెంగ్త్ 8 అంగుళాలు, బెల్లోస్‌కి (మధ్యలో మడతలుగా సాగే తోలు గొట్టం) రెండు చిల్లులున్నాయి, మిగతాదంతా బాగానే ఉంది. డిజిటల్‌లో ఎక్స్‌పోజర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ లాంటివి తెలుసు. నల్లగుడ్డ కప్పుకుని వెనక మసక గాజు మీద బొమ్మ చూసే ఈ వ్యవహారమే బొత్తిగా తెలియదు. ఎవరినడిగినా అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ మూడు పుస్తకాలూ కొనేయమంటున్నారు. మూడు కొనే స్తోమత ఇప్పుడు లేదండి, ఒక్కటి కొనగలను. ఏది కొనమంటారు? అసలు వీడియోలు చూస్తే సరిపోదా?

జోన్_ఐదు
ఒక్కటే అంటే ‘ది కెమెరా’. 1980లో వచ్చింది, తర్వాత ఏడాది ‘ది నెగటివ్’, 1983లో ‘ది ప్రింట్’. ఇన్నేళ్లయినా జనం వాటినే కొంటున్నారంటే ఊరికే కాదు కదా. షట్టర్ నొక్కకముందే చివరి ప్రింట్ ఎలా ఉండాలో మనసులో చూసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. మీ పెట్టె కెమెరా లాంటి వ్యూ కెమెరా కదలికల (లెన్స్ బోర్డు, వెనక చట్రం జరపడం, వంచడం) మీద విడిగా ఒక అధ్యాయం కూడా ఉంది. వీడియోలంటారా, పది చూస్తే పది రకాలుగా చెప్తారు.

నల్లగుడ్డ_కింద
ఒప్పుకోను. ఆయన పెద్దాయన, కాదనను. కానీ ‘ది కెమెరా’లో చిన్న ఫార్మాట్, మీడియం ఫార్మాట్, షట్టర్లు, లెన్సులు అన్నీ కలిపి చెప్పాడు, అందులో చాలా భాగం ఈయనకి డిజిటల్‌తోనే వచ్చేసింది. ఉన్న డబ్బుతో ఒక్కటి కొనేవాడు తెలిసిన సంగతులకి మళ్లీ డబ్బు పెట్టడం ఎందుకు? స్టీవ్ సిమన్స్ ‘యూజింగ్ ద వ్యూ కెమెరా’ తీసుకోండి. 1987 నాటిది, సెకండ్‌హ్యాండ్‌లో వెతకాలి. కెమెరా ఎదురుగా పెట్టుకుని ఒక చేత్తో పేజీ తిప్పుతూ చదువుకునే పుస్తకం అది.

ఈయనకి కావలసింది ఇలాంటివి: గుడి ముందు నిలబడ్డారు, గాలిగోపురం కలశం ఫ్రేములోకి రాలేదు. మామూలు కెమెరా అయితే పైకెత్తుతాం, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఇక్కడ కెమెరా ఎత్తకూడదు. వెనక గాజు నిట్టనిలువుగా ఉంచి, ముందు లెన్స్ బోర్డునే పైకి జరపాలి. అయితే జరిపేకొద్దీ మూలలు నల్లబడతాయి, ఎందుకంటే లెన్స్ వేసే వెలుగు వలయం ఫిల్మ్ ఐమూల కొలత కంటే పెద్దదిగా ఉండాలి. హాఫ్ ప్లేట్‌కి ఆ ఐమూల దాదాపు 8 అంగుళాలు. మీ లెన్స్ అంతవరకే ఇచ్చేదైతే బోర్డు పైకి జరపడానికి (రైజ్) చోటే ఉండదు. మొదటి ఫిల్మ్ పాడుచేసుకునే ముందు తెలియాల్సింది ఇదీ, ప్రింట్ మనసులో ఊహించుకోవడం తర్వాత సంగతి.

లెక్కల_మాస్టారు
డబ్బు పెట్టకుండానే ఒకటుంది. హెరాల్డ్ మెర్‌క్లింగర్ ‘ఫోకసింగ్ ద వ్యూ కెమెరా’, 1993ది, రచయితే నెట్‌లో ఉచితంగా పెట్టాడు. లెన్స్ తలం, ఫిల్మ్ తలం, ఫోకస్ అయ్యే తలం మూడూ ఒకే గీత మీద కలవాలనే షైంఫ్లగ్ సూత్రం అందరూ చెప్తారు (షైంఫ్లగ్ అనే ఆస్ట్రియా సైన్యాధికారి 1904లో పేటెంట్ తీసుకున్నాడు), కానీ టిల్ట్ (లెన్స్ వంపు) ఎంత ఇవ్వాలో అది చెప్పదు. ఈ పుస్తకం చెప్తుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని నేల నుంచి లెన్స్ ఎత్తుతో భాగించండి, వచ్చింది ఆ కోణం సైన్ విలువ. మీ 8 అంగుళాల లెన్స్ నేలకి 60 అంగుళాల ఎత్తులో ఉంటే సుమారు 8 డిగ్రీలు. కాళ్ల దగ్గరి వరి దుబ్బు నుంచి అవతల కొండదాకా నేలంతా ఫోకస్‌లోకి వస్తుంది.

నల్లగుడ్డ_కింద
మాస్టారూ, లెక్క కరెక్టే. కొత్తవాడికి మొదటి రోజే సైన్ విలువ చూపిస్తే కెమెరా మళ్లీ అటకెక్కుతుంది. దూరానికి ఫోకస్ చేసి, కొద్దిగా వంచి, దగ్గరిది చూసి, మళ్లీ దూరానికి సరిచేసుకుంటూ పోతే నాలుగైదు విడతల్లో కుదురుతుంది. గాజు మీద కళ్లకి కనిపిస్తూనే ఉంటుందిగా.

లెక్కల_మాస్టారు
మధ్యాహ్నం ఎండలో, వెలుగు తక్కువ రానిచ్చే ఎఫ్/8 లెన్స్‌తో, ఆ మసక గాజు మీద మూలల్లో ఏం కనిపిస్తుందో మీకు తెలియనిది కాదు. లెక్కతో మొదలుపెట్టి కంటితో సరిచేసుకోమంటున్నా, అంతే. స్ట్రోబెల్ ‘వ్యూ కెమెరా టెక్నిక్’ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు, సంతోషం. మంచి పుస్తకమే గానీ కాలేజీ టెక్స్ట్‌బుక్, అవసరమైనప్పుడు తీసి చూసుకోవడానికే.

అటకమీద_కెమెరా
ఒక సందేహం. నా కెమెరాలో ముందు బోర్డు పైకీ కిందికీ జరుగుతుంది, అంతే, వంగదు. వెనక గాజున్న చట్రమే వంగుతుంది. మరి ఈ టిల్ట్ సంగతి ఎలా?

నల్లగుడ్డ_కింద
వెనక చట్రం పై అంచుని మీ వైపుకి వంచండి. బొమ్మ తలకిందులు కాబట్టి దగ్గరి నేల గాజు పైభాగంలో పడుతుంది, దగ్గరిదానికి బెల్లోస్ ఎక్కువ సాగాలి, అందుకే పై అంచు లెన్స్‌కి దూరం జరగాలి. కానీ వెనక వంచితే ఆకారాలు మారతాయి, ముందున్న రాయి ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. పొలానికి బాగుంటుంది, గోపురానికి పనికిరాదు.

ఎర్ర_దీపం
ఇంతసేపూ పుస్తకాల గొడవేనా, ఆయన ఫిల్మ్ ఎక్కడ తెస్తాడో ఒక్కరూ అడగలేదు. హాఫ్ ప్లేట్ షీట్ ఫిల్మ్ (చుట్టగా కాక విడి ముక్కలుగా వచ్చేది) మామూలు కొట్టులో దొరకదు. ఆ కాలం పుస్తకాలేమో ముందు పోలరాయిడ్ మీద తీసి సరిచూసుకోమంటాయి, ఆ కంపెనీ 2008లోనే ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆపేసింది.

మనకి దారి ఎక్స్‌రే ఫిల్మ్. గ్రీన్ సెన్సిటివ్‌ది అడగండి, ఎర్ర దీపం వెలుతురులో కోసుకోవచ్చు, కళ్లతో చూస్తూ కడగొచ్చు (డెవలప్ చేయొచ్చు). 80 స్పీడ్ (ఐఎస్ఓ) అనుకుని మొదలుపెట్టండి. రెండు వైపులా ఎమల్షన్ (వెలుగు పట్టే పూత) ఉంటుంది, ట్రే అడుగున గాజు పలక వేయకపోతే గీతలే గీతలు. ఎరుపు దానికి కనిపించదు కాబట్టి కుంకుమ బొట్టు నల్లగా వస్తుంది, పెదాలూ అంతే. నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ వాడిన గాజు ప్లేట్లకీ ఎరుపు ఆనేది కాదు. ఇదంతా ఆడమ్స్‌లో లేదు, సిమన్స్‌లోనూ లేదు.

జోన్_ఐదు
కడగడం వరకూ వచ్చారుగా, ఇప్పుడు చెప్తా. రోల్ ఫిల్మ్ అయితే మొత్తం ఒకే రకంగా కడగాలి. షీట్ అయితే ఏ ముక్కకి ఆ ముక్క. నీడలకి సరిపడా ఎక్స్‌పోజ్ చేసి, వెలుతురు భాగాలు చూసుకుని కడిగే టైము తగ్గించడమో పెంచడమో చేయొచ్చు. పెద్ద కెమెరా మోయడంలో సగం లాభం అదే. ఎక్స్‌రే ఫిల్మ్‌కి కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) మరీ ఎక్కువ, అక్కడ ఇది ఇంకా అవసరం. సరే, ‘ది కెమెరా’ వదిలేయండి. ‘ది నెగటివ్’ మాత్రం వదలనివ్వను.

నల్లగుడ్డ_కింద
అది ఒప్పుకుంటా, రెండో పుస్తకంగా. ఫోకసే కుదరని నెగటివ్‌ని ఎంత బాగా కడిగి ఏం లాభం?

అటకమీద_కెమెరా
సిమన్స్ పాత కాపీ ఒకటి దొరికింది, ఆర్డర్ పెట్టేశా. మాస్టారి పుస్తకం దించుకున్నా. జోన్ ఐదు గారూ, ‘ది నెగటివ్’ జీతం పడ్డాక. ఎర్ర దీపం అన్నా, ఇక్కడ డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు డిజిటల్ ఫిల్మ్ ఉంది ఇస్తామంటున్నారు, పనికొస్తుందా?

ఎర్ర_దీపం
వద్దు, అది ప్రింటర్‌లో వాడే డ్రై ఫిల్మ్, మన కెమెరాకి దండగ. డెవలపర్, ఫిక్సర్‌తో కడిగే పాతరకం కావాలని సర్జికల్ షాపులో అడుగు. 8×10 సైజు తీసుకుంటే షీటుకి రెండు హాఫ్ ప్లేట్ ముక్కలొస్తాయి. కోసేముందు ఆ బెల్లోస్ లోపల టార్చి పెట్టి చీకటి గదిలో చూడు, రెండే చిల్లులన్నావు, నాకు నమ్మకం లేదు.