సి.ఏ. 19-9 చక్కెర గొలుసుతో క్యాన్సర్ కణానికి పనేమిటి?

ప్రశ్న:
మా నాన్నగారికి క్లోమగ్రంథిలో గడ్డ ఉందని గత నెలలో తెలిసింది. రక్తపరీక్షలో 37 యూనిట్ల లోపు ఉండవలసిన సి.ఏ. 19-9 అనే క్యాన్సర్ సూచిక ఆయనకు వందల్లో ఉంది. ఇది కణాలు తయారుచేసే చక్కెర గొలుసు అని చదివాను. కణానికి దానితో అవసరమేమిటి? చక్కెర అనగానే అన్నం, బెల్లం పూర్తిగా మాన్పించమని బంధువులు పట్టుబడుతున్నారు. అందులో నిజముందా?

మొదటి జవాబు:
నేను జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. మీరు చెప్పిన గొలుసు పేరు సయాలిల్ లూయిస్ ఎ. సయాలిక్ ఆమ్లం, గెలాక్టోజ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ అనే చక్కెరలు వరుసగా ఉండి, ఈ చివరిదానికి పక్కనుంచి ఫ్యూకోజ్ అనే ఇంకో చక్కెర అతుక్కుంటే ఇది తయారవుతుంది. గాయమైన చోట రక్తనాళపు లోపలి పొర ఇ-సెలెక్టిన్ అనే ప్రోటీనును పైకి తెస్తుంది. తెల్ల రక్తకణాలు మీరు అడిగిన గొలుసుకు దగ్గరి పోలిక ఉన్న సయాలిల్ లూయిస్ ఎక్స్ అనే గొలుసు ద్వారా ఆ ప్రోటీనును పట్టుకుని, వేగం తగ్గి, గోడ వెంట దొర్లుతూ, ఆ తరువాత ఇంటెగ్రిన్లు అనే వేరే ప్రోటీన్ల సాయంతో గట్టిగా అతుక్కుని బయటకు వెళతాయి. రక్తంలోకి చేరిన క్యాన్సర్ కణం కూడా అదే పట్టును వాడుకోగలదు. అది వేరే అవయవంలో దిగడానికి ఇదొక మార్గం.

ఆహారం విషయంలో మీ బంధువుల మాట సరికాదు. కణం ఈ చక్కెరలను మామూలు గ్లూకోజ్ నుంచే తయారుచేసుకోగలదు. మనం తినకపోయినా కాలేయం రక్తంలో గ్లూకోజ్‌ను నిలబెడుతుంది. ఈ జబ్బులో బరువు వేగంగా తగ్గుతుంది కనుక అన్నం మాన్పించడం హాని చేస్తుందని గట్టిగా చెబుతున్నాను. మధుమేహం ఉంటే మాత్రం వైద్యుల సలహా ప్రకారం నడవండి.

రెండవ జవాబు:
ఆరోగ్యవంతమైన పొరల్లో ఈ గొలుసుకు ఇంకొక సయాలిక్ ఆమ్లం కూడా చేరి ఉంటుంది. క్యాన్సర్‌లో దాన్ని చేర్చే ఎంజైము తగ్గిపోవడంతో గొలుసు అసంపూర్తిగా మిగులుతుందని నగోయాలోని ఐచి క్యాన్సర్ కేంద్రంలో కన్నగి రేజి బృందం చూపించింది. అంటే ఈ గొలుసు పెరగడానికి కొంతవరకు కారణం పూర్తికాని నిర్మాణమే. ఇది నాకు ఎంతో ఆసక్తికరంగా అనిపిస్తుంది. పేరులోని 19-9 అనేది ఈ గొలుసును గుర్తుపట్టే, 1979లో వెలువడిన యాంటీబాడీ సంఖ్య. పెద్దప్రేగు క్యాన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించి దాన్ని తయారుచేశారు.

రక్తపరీక్షలో వచ్చిన అంకెను ఒంటరిగా చూడకండి. గొలుసుకు ఫ్యూకోజ్‌ను అతికించే లూయిస్ ఎంజైము పుట్టుకతో పనిచేయనివారిలో గడ్డ ఉన్నా ఇది పెరగకపోవచ్చు. పిత్తనాళం మూసుకుపోతే క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. నాన్నగారికి పచ్చకామెర్లు ఉన్నాయా?

అడిగినవారు:
ఉన్నాయండి, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం కూడా ఎక్కువగానే ఉంది. ఈ వారం పిత్తనాళంలో స్టెంట్ వేస్తున్నారు. కామెర్లు తగ్గాక మళ్లీ పరీక్ష చేయించమని వైద్యులను అడుగుతాను. ఈ రాత్రికి ఆయనకు పెరుగన్నం పెడుతున్నాం.