చెప్పు జారినా తెలియట్లేదు, పాదం పైకి లేవట్లేదు. పక్షవాతమేనా?

టైల్స్ మేస్త్రీ, ఖమ్మం:
అన్నలూ, నాకు 38 ఏళ్లు. పోయిన వారం ఒకళ్ల గృహప్రవేశం దగ్గరపడిందని మూడు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా గొంతుక్కూర్చుని హాలంతా పరిచా. నాలుగో రోజు కుడికాలి చెప్పు వెనకాలే ఉండిపోయింది, నేను నాలుగడుగులు ముందుకెళ్లిపోయా. నడుస్తుంటే పాదం టప్ టప్‌మని నేలకు కొట్టుకుంటోంది. గడప తగిలి బొటనవేలు రెండుసార్లు చితికింది. నొప్పి లేదు, పాదం పైన మొద్దుబారింది. షుగర్ లేదు. మా అత్త పక్షవాతమని పసరు మందుకు బయల్దేరదీస్తోంది.

ఫిజియో, వరంగల్:
మూతి, చెయ్యి బాగానే ఉన్నాయా? మోకాలి కింద బయటివైపు ఒక బుడిపె ఎముక తగులుతుంది, చూడండి. పాదాన్ని ఎత్తే నరం దాన్ని చుట్టుకుని చర్మం కిందే పోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అక్కడ నలుగుతుంది. కలుపు తీసేవాళ్లకి, కాలు మీద కాలేసుకుని కూర్చునేవాళ్లకి, పిండికట్టు బిగుసుకున్నవాళ్లకి, ఉన్నట్టుండి బాగా బరువు తగ్గినవాళ్లకి కూడా వస్తుంది. అరికాలు లోపలివైపు తిప్పండి. గట్టిగా తిరిగితే మోకాలి దగ్గరే అనుకోవచ్చు. అదీ తిరగకపోతే నడుము చూపించాలి. ఏదైనా సరే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పసరుకి కాదు.

డిస్కు బాధితుడు:
నాది నడుమే. డిస్కు జారి, నడుము నుంచి కాల్లోకి దిగే ఎల్5 అనే నరాన్ని నొక్కింది, పిరుదు నుంచి పిక్క దాకా లాగేది. నెలన్నర మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చున్నా! మూత్రం రాకుండా ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఆశా కార్యకర్త:
ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలున్నాయా తమ్ముడూ? కుష్ఠుతోనూ పాదం ఇలా జారుతుంది. సిగ్గుపడొద్దు, సర్కారు దవాఖానాలో మందులు ఉచితం.

టైల్స్ మేస్త్రీ, ఖమ్మం:
మచ్చల్లేవక్కా. అరికాలు లోపలికి గట్టిగానే తిరుగుతోంది సార్. నరాల డాక్టర్ కూడా మోకాలి దగ్గరే అన్నారు. నరాల పరీక్ష మూడు వారాలయ్యాక చేస్తారట. బూటులో పెట్టుకునే ప్లాస్టిక్ స్ప్లింట్ రాశారు. ఉత్తినే నలిగి ఉంటే కొన్ని వారాల్లో తేరుకుంటుందట. లోపలి తీగలు దెబ్బతింటే మాత్రం రోజుకి ఒక మిల్లీమీటరు లెక్కన పెరగాలట. టేపు పెట్టి కొలిచా, మోకాలి నుంచి చీలమండ దాకా 36 సెంటీమీటర్లు. ఏడాదా సార్?

ఫిజియో, వరంగల్:
టేపు లోపల పెట్టండి మేస్త్రీ గారూ! పాదాన్ని ఎత్తే కండ మోకాలి కిందే మొదలవుతుంది, నరం చీలమండ దాకా పోనక్కర్లేదు. ఈలోగా గొంతుక్కూర్చోవడం పూర్తిగా మానండి. పీట వేసుకోండి.

టైల్స్ మేస్త్రీ, ఖమ్మం:
పీట మీద కూర్చుని టైల్స్ పరిచేవాణ్ని మీరెక్కడైనా చూశారా సార్? సర్లెండి, ఒక నెల కుర్రాళ్ల చేత పరిపించి నేను లెవెల్ చూసుకుంటా.