టంగ్ వెయిట్ ఎంత ఉండాలి? మోటారు మార్చాక ట్రైలర్ ఊగుతోంది

చుక్కాని:
మా బోటుకి పాత టూ స్ట్రోక్ మోటారు తీసేసి ఫోర్ స్ట్రోక్ బిగించాం. పాతదాని కంటే 40 కిలోలు ఎక్కువ, ఆ బరువంతా ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) మీదే. అప్పటి నుంచి స్పీడు 80 దాటితే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. బోటు, మోటారు, ట్రైలర్ అన్నీ కలిపి 1,500 కిలోలు, సింగిల్ యాక్సిల్. టంగ్ మీద, అంటే కారుకి తగిలించే ట్రైలర్ ముందు కడ్డీ మీద, ఎంత పడాలి? ఇంటి దగ్గరే తూచుకోవడం ఎలా? వించ్ స్టాండ్ (బోటు ముక్కుని పట్టి ఉంచే ట్రైలర్ ముందు స్తంభం) జరపాలా, యాక్సిల్ జరపాలా? ఇంకోటి, కారు హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) ప్లేటు మీద 100 కిలోలు అని కొట్టి ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పుగాలి:
అసలు 80 ఎందుకు దాటాలి బ్రదర్? బోటు ఎక్కడికీ పారిపోదుగా. ఊగడం మొదలైతే బ్రేకు మాత్రం తొక్కకండి. నా ముందు వెళ్తున్నాయన తొక్కాడు. ట్రైలర్ కారుని వెనక నుంచి నెట్టి అడ్డం తిప్పేసింది, బోటు రోడ్డు పక్కన బోర్లా పడింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదపకుండా పట్టుకుంటే చాలు, అదే సర్దుకుంటుంది. ఇంకా గట్టిగా లాగితే ఊగడం ఆగిపోతుందని చెప్పే మహానుభావులు కూడా ఉంటారు. వాళ్ళకో దండం.

ఇనుపబండి:
ట్రైలర్లు చేసి అమ్మడమే నా పని కాబట్టి సూటిగా చెప్తా. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద పడాలి. తగ్గితే ఊగుతుంది. ట్రెడ్‌మిల్ మీద బొమ్మ ట్రైలర్ పెట్టి బరువు ముందుకీ వెనక్కీ మార్చి చూపించే వీడియో అందరూ చూసే ఉంటారు. బరువు వెనక్కి వెళ్ళగానే ఎలా కొట్టుకుంటుందో చూశాక కూడా ఇంకా సందేహమా?

నత్తనడక:
ఇనుపబండి గారూ, 1,500లో 15 శాతం అంటే 225 కిలోలు. ప్లేటు మీద 100 అని ఆయన రాసింది చదివారా? మీరు చెప్పిన కనీసం 10 శాతమే 150. అది కూడా పట్టదు.

ఇనుపబండి:
చదివాను. పట్టకపోతే ఆ కారు ఆ బోటుకి సరిపోదని అర్థం. ఇది నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ చెప్పే మాటే.

నత్తనడక:
మీరు చెప్పేది అమెరికా లెక్క. యూరప్‌లో టోబార్ ప్లేటు మీద ఎస్ విలువ (టంగ్ నుంచి పడగల గరిష్ఠ బరువు) అని ఉంటుంది, చాలా కార్లకి అది 50 నుంచి 100 కిలోల లోపే. వాళ్ళూ ఇలాంటి బోట్లు లాగుతూనే ఉన్నారు. కాకపోతే నెమ్మదిగా లాగుతారు, జర్మనీలో ట్రైలర్ తగిలిస్తే మామూలుగా 80 దాటకూడదు. అదీగాక బోటు ట్రైలర్లకి 5 నుంచి 10 శాతం చాలని చెప్పే తయారీదారులు చాలామందే ఉన్నారు. చుక్కాని గారికి 90, 95 దగ్గర పెట్టుకోవడం ఒక్కటే దారి. ప్లేటు మీద అంకె దాటకూడదు, అలాగని 60కి దిగకూడదు.

లంగరుతాడు:
ఇంత రాద్ధాంతం దేనికి! ఒళ్ళు తూచుకునే కాటా ఒకటి ట్రైలర్ ముక్కుని నిలబెట్టే జాకీ చక్రం కింద పెట్టండి, హిచ్ విప్పండి, అంకె చూడండి. మాకు 110 వచ్చింది, ఎప్పుడూ ఊగలేదు. ఐదు నిమిషాల పని.

నత్తనడక:
జాకీ కింద పెడితే తప్పు అంకె వస్తుంది. కప్లర్ (హిచ్‌కి తగిలే టంగ్ చివర) కింద పెట్టాలి.

లంగరుతాడు:
బరువు బరువే కదా సార్. రెండడుగులు ఇటు పెడితే మారిపోతుందా?

నత్తనడక:
మారుతుంది.

లంగరుతాడు:
ఎలా మారుతుందో చెప్పండి మరి. మారుతుంది అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందా?

పడవపిచ్చి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కప్లర్ యాక్సిల్‌కి 5 మీటర్ల ముందుంది అనుకోండి. జాకీ దానికి 60 సెంటీమీటర్లు వెనక, అంటే యాక్సిల్ నుంచి 4.4 మీటర్లు. మోసే చోటు యాక్సిల్‌కి దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ బరువు మోయాలి. జాకీ కింద కాటా 114 చూపిస్తే కప్లర్ మీద నిజంగా ఉండేది 100. కాబట్టి లంగరుతాడు అన్నా, మీ 110 అసలు లెక్కలో 97 చుట్టూ ఉండొచ్చు. మీ ట్రైలర్ కొలతలు వేసుకుంటే సరిగ్గా తెలుస్తుంది.

లంగరుతాడు:
సరే, 97 అయినా ఊగలేదు కదా. లెక్కల మాష్టార్లు ఎక్కువైపోయారు ఇక్కడ.

నత్తనడక:
ఊగలేదు కాబట్టి కొలత కరెక్టు అనడం ఏం తర్కం అండీ? రేపు ఎవరో 100 ప్లేటు ఉన్నాయన మీ మాట నమ్మి జాకీ కింద 80 చూసుకుని బయల్దేరితే? అక్కడ ఉండేది 70.

లంగరుతాడు:
నేనెవర్నీ నమ్మమని అడగలేదు. నాకు పనికొచ్చింది చెప్పా. నచ్చకపోతే దాటేసి పోండి.

గట్టుమీద:
ఇద్దరూ ఆగండి బాబూ. కాటా తక్కువ బరువుదైతే ఇంకో పద్ధతి ఉంది. గట్టి దూలం ఒకటి తీసుకుని ఒక చివర ఇటుక మీద, రెండో చివర కాటా మీద ఆనించండి. ఇటుక నుంచి ఒక అడుగు, కాటా నుంచి రెండడుగుల దూరంలో కప్లర్ దించండి. కాటా చూపించింది ఇంటూ మూడు. ఖాళీ దూలానికి కాటా చూపించే అంకె ముందే చూసుకుని, మూడుతో గుణించే ముందే తీసెయ్యండి. అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. కారుకి తగిలించినప్పుడు కప్లర్ ఏ ఎత్తులో ఉంటుందో అక్కడే తూచాలి. ముక్కు పైకి లేచి ఉంటే బరువు వెనక్కి పోయి అంకె తగ్గుతుంది. చక్రాలకి అడ్డం పెట్టడం మర్చిపోకండి.

ఉప్పుగాలి:
అడ్డం మాట బాగా చెప్పారు. మా కాలనీలో ఒకాయన అడ్డం లేకుండా విప్పితే ట్రైలర్ నేరుగా గేటు మీదికి వెళ్ళింది.

పడవపిచ్చి:
చుక్కాని గారూ, మీ 40 కిలోల లెక్క కూడా చూద్దాం. మోటారు యాక్సిల్‌కి 1.5 మీటర్లు వెనక ఉందనుకుంటే టంగ్ మీంచి తగ్గేది 40 ఇంటూ 1.5 బై 5, అంటే 12 కిలోలే. ఒక్క 12 కిలోలకే ఊగుతోందంటే ఇదివరకే అంచు మీద ఉన్నట్టు. ముందు తూచండి. బోటూ మోటారూ కలిపి 1,150 ఉంటే, వించ్ స్టాండ్‌తో పాటు బోటుని 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే టంగ్ మీద సుమారు 23 పెరుగుతుంది. మీకు బహుశా అంత కూడా అక్కర్లేదు.

ఇనుపబండి:
వించ్ స్టాండ్ జరపడం అందరూ చెప్తారు, తర్వాత ఏమవుతుందో చెప్పరు. బోటు ముందుకెళ్తే బంకుల (బోటు ఆనే పొడుగు దిమ్మల) చివరలు ట్రాన్సమ్ దాటి బయటికి వస్తాయి, సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళ లోతు, చేపలు పసిగట్టే సెన్సర్) వాటికి కొట్టుకుంటుంది. బోటు ముక్కు కారుకి దగ్గరై మలుపులో డోరుకి రాసుకుంటుంది. వెనక్కి జరిపితే ఇంకా దారుణం, ట్రాన్సమ్ కింద ఆధారం పోయి అడుగు వంగుతుంది. యాక్సిలే జరపాలి. యూ బోల్టులు వదులు చేసి వెనక్కి నెట్టడమే. కానీ కప్లర్ నుంచి యాక్సిల్ రెండు చివరలకీ దూరం టేపుతో కొలిచి సమానంగా పెట్టాలి. కాస్త తేడా వచ్చినా ట్రైలర్ వంకరగా నడుస్తుంది, టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. మడ్‌గార్డులూ బ్రేకు పైపూ కూడా దాంతో జరపాలి. చాతకాకపోతే చేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళండి.

నత్తనడక:
ఇదొక్కటి బాగా చెప్పారు, ఒప్పుకుంటున్నా. కానీ 5 సెంటీమీటర్ల తేడాకి యాక్సిల్ విప్పక్కర్లేదు. సామాను ఎక్కడ పెట్టారో ముందు చూడమనండి. లైవ్‌వెల్‌లో (చేపల్ని బతికించి ఉంచే తొట్టి) నీళ్ళున్నాయా? లీటరు నీళ్ళు కిలో. చాలా బోట్లలో అది వెనకే ఉంటుంది. పెట్రోలు లీటరుకి ముప్పావు కిలో, ట్యాంకు వెనకుంటే నిండా ఉన్నప్పుడు ఒక అంకె, ఖాళీగా ఉంటే ఇంకో అంకె. ఐస్ బాక్సు, లంగరు గొలుసు, బ్యాటరీ ఇవన్నీ ముందుకి మార్చొచ్చు. బెల్టులతో కట్టాలి సుమా.

గట్టుమీద:
హిచ్ బరువు పంచే స్ప్రింగ్ బార్లు వేస్తే 100 సమస్య పోతుందా?

ఇనుపబండి:
పోదు. ప్లేటు మీద అంకె బార్లు వేసినా అదే, కొన్ని హిచ్‌లకి మాత్రమే బార్లతో వేరే అంకె రాసి ఉంటుంది. పైగా బోటు ట్రైలర్లకి ఎక్కువగా సర్జ్ బ్రేకులుంటాయి, కప్లర్ ముందుకీ వెనక్కీ కదిలితేనే అవి పడతాయి. కొన్ని రకాల బార్లు ఆ కదలికని పట్టేస్తాయి. రెండూ కలిసి పనిచేస్తాయని తయారీదారు రాసి ఇస్తేనే బిగించండి.

కొంగజపం:
ఊగడం గురించి ఇంత మాట్లాడారు, టైర్లలో గాలి, బేరింగులు చూసుకోమని ఒక్కరైనా అన్నారా? నాకైతే వదులైన బేరింగు వల్లే ఊగింది. బోటు దించేటప్పుడు వేడిగా ఉన్న హబ్‌ని (బేరింగులుండే చక్రం మధ్య భాగం) తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో దించేస్తారు. లోపలి గాలి ముడుచుకుని సీల్ గుండా నీళ్ళు లాగేస్తుంది. విప్పితే గ్రీజు మజ్జిగలా తెల్లగా అయిపోయింది. అరగంట చల్లారనివ్వండి, అప్పుడే దించండి.

లంగరుతాడు:
హబ్‌లో గ్రీజుని ఒత్తిడితో నిలిపి ఉంచే స్ప్రింగ్ మూతలు వేసుకుంటే ఆ బాధే ఉండదు. గ్రీజు గన్‌తో నిండా కొట్టేయడమే.

కొంగజపం:
నిండా కొడితే వెనక సీల్ బయటికి వచ్చేస్తుంది అన్నా. గ్రీజంతా బ్రేకు షూల మీద పడుతుంది. మీ చక్రాల లోపలి వైపు వేలు పెట్టి చూసుకున్నారా ఎప్పుడైనా?

లంగరుతాడు:
ఇప్పుడు దీనికి కూడా లెక్క చెప్తారా ఏంటి!