డెబియన్ 11 నుంచి 13కు వెళ్లాలంటే సోర్సెస్ ఫైల్లో ఏ పేరు రాయాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర మా బంధువుల లాడ్జిలో గదుల లెక్కలు చూసే కంప్యూటరు డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 11, అంటే బుల్స్‌ఐ అనే విడుదల మీద నడుస్తోంది. చాలాకాలంగా అప్‌డేట్ చేయని ఆ యంత్రాన్ని ఇప్పుడు 13కు, అంటే ట్రిక్సీకి మార్చాలని ఉంది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్లో ప్రధాన వరుసలో విడుదల పేరు లేదు, ‘స్టేబుల్’ అని ఉంది. సెక్యూరిటీ వరుసలో మాత్రం ‘బుల్స్‌ఐ-సెక్యూరిటీ’ అని ఉంది. లెక్కలు దాచే డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ వారి సొంత రిపాజిటరీ (ప్యాకేజీల భండారం) కూడా విడిగా చేర్చి ఉంది. ప్యాకేజీల జాబితాను తాజాపరిచే ఆప్ట్ అప్‌డేట్ ఆదేశం నడిపితే, రిపాజిటరీ కోడ్‌నేమ్ బుల్స్‌ఐ నుంచి ట్రిక్సీకి మారింది, అంగీకరిస్తారా అని అడుగుతోంది. ‘వై’ నొక్కి ముందుకు వెళ్లవచ్చా?

సమాధానం (చిత్తూరు నుంచి)

నొక్కకండి. ‘స్టేబుల్’ అనేది ఏ ఒక్క విడుదలకూ స్థిరంగా ఉండే పేరు కాదు. 2021 ఆగస్టులో అది 11ను, 2023 జూన్‌లో 12ను, 2025 ఆగస్టులో 13ను సూచించడం మొదలుపెట్టింది. డెబియన్‌లో ఒక విడుదలను దాటేసి ఆపై విడుదలకు నేరుగా వెళ్లే పద్ధతికి మద్దతు లేదు కాబట్టి, మధ్యలో 12 (బుక్‌వర్మ్) మీద ఆగక తప్పదు.

ముందు ‘స్టేబుల్’ ఉన్నచోట ‘బుల్స్‌ఐ’ అని రాసి, 11లో మిగిలిపోయిన అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి. ఆ తరువాత ప్రధాన వరుసలోనూ, సెక్యూరిటీ, అప్‌డేట్స్ వరుసలలోనూ ‘బుల్స్‌ఐ’ అన్న మాట ఉన్నచోట ‘బుక్‌వర్మ్’ అని మార్చి ఆప్ట్ అప్‌డేట్ నడపండి; మొదట కొత్త ప్యాకేజీలు చేర్చని అప్‌గ్రేడ్, దాని వెనుక ఫుల్-అప్‌గ్రేడ్ (అవసరమైన ప్యాకేజీలను చేరుస్తూ, తీసేస్తూ చేసేది), ఆపై రీబూట్. అన్నీ సవ్యంగా ఉన్నాయని చూసుకున్నాకే ‘ట్రిక్సీ’ అని మార్చి ఇదే వరుసలో మళ్లీ చేయండి.

వైఫై కార్డుకు ఫర్మ్‌వేర్ (పరికరం నడవడానికి దానిలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) అవసరమైతే ఒక జాగ్రత్త ఉంది. 12 నుంచి ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను ‘నాన్-ఫ్రీ’ నుంచి విడదీసి ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే కొత్త విభాగంలో పెట్టారు. ఆ మాట వరుస చివర చేర్చకపోతే మీ దగ్గర పాత ఫర్మ్‌వేరే మిగిలిపోతుంది, దానికి అప్‌డేట్లు రావు.

మరో సమాధానం (తిరుపతి నుంచి)

పోస్ట్‌గ్రెస్ సంగతి ఎవరూ చెప్పలేదు; లెక్కలన్నీ ఉండేది అందులోనే కదా. ఆ రిపాజిటరీ వరుస ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి అప్‌గ్రేడ్ అంతా ముగిసేవరకు ఆపి ఉంచండి, చివరలో ‘ట్రిక్సీ-పీజీడీజీ’ అని మార్చి తిరిగి తెరవండి. డెబియన్ సొంత రిపాజిటరీలో 11కు పోస్ట్‌గ్రెస్ 13, 12కు 15, 13కు 17 వస్తాయి. కొత్త వెర్షన్ ఎక్కినంత మాత్రాన పాత డేటా దానంతట అది అందులోకి చేరదు. అందుకే పీజీ-డంప్-ఆల్ ఆదేశంతో తీసిన నకలును వేరే డిస్కులో పెట్టాకే పని మొదలుపెట్టండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడసేవ ముందు, లాడ్జి కంప్యూటరు మీద ఈ పని పెట్టుకోవద్దని నా మాట.

ఇంకో సమాధానం (చిత్తూరు నుంచి)

అది పాత 32 బిట్ యంత్రమేమో ముందే చూసుకోండి. ట్రిక్సీలో ఆ రకం యంత్రాలకు కెర్నలూ (సిస్టమ్ మూలభాగం) లేదు, ఇన్‌స్టాలరూ లేదు కాబట్టి, అలాంటిదైతే 12 దగ్గరే ఆగాలి. 64 బిట్ అయితే 13కు చేరాక ‘ఆప్ట్ మోడర్నైజ్-సోర్సెస్’ నడిపి పాత వరుసలను కొత్త రూపంలోకి మార్చుకోవచ్చు, తొందరేమీ లేదు. పాత పద్ధతి ఫైలు కూడా ఇప్పటికి పనిచేస్తుంది.